బర్మాలో పోయిన తాతగారి పేరు యుద్ధ సమాధుల సైట్‌లో దొరకాలంటే

రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో చనిపోయిన తాతగారి పేరు సైట్‌లో ఎంత వెతికినా రావట్లేదని, ఇంట్లో ఆయన పతకం మాత్రం ఉందని రాశారు. మీరు ఇంటిపేరుతో వెతుకుతున్నారు, అందుకే రావట్లేదు. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ (ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన బ్రిటిష్ సామ్రాజ్య సైనికుల సమాధులు చూసుకునే సంస్థ) జాబితాలో మన సిపాయిలు చాలామందికి ఒట్టి పేరే ఉంటుంది, అదీ ఇంటిపేరు గడిలో.

1. ఆ గడిలో పేరు మాత్రమే కొట్టండి. అప్పలస్వామి లాంటి పేరైతే కలిపి ఒకసారి, విడగొట్టి ఒకసారి, చివర ఇంగ్లీషు ‘వై’ (y) అక్షరంతో ఒకసారి.

2. ఊరు, జిల్లాతో వెతికితే అప్పటి పేర్లే వాడండి, ‘ఒడిశా’ అని కొట్టొద్దు. పర్లాకిమిడి వాళ్ళకి ‘గంజాం’ చూడండి. ఊరు పాతపట్నం వైపైతే అప్పటి ఇంగ్లీషు స్పెల్లింగులో ‘విజగపటం’ (Vizagapatam). శ్రీకాకుళం జిల్లా 1950లో గానీ పుట్టలేదు.

3. అందరూ వదిలేసేది ఇదే: ఇంట్లో పతకం ఉందన్నారుగా, దాని అంచు చూడండి. నక్షత్రం ఆకారపు పతకమైతే వెనక వైపు. భారత సైనికులకిచ్చిన వాటిమీద నంబరు, హోదా, పేరు, దళం సాధారణంగా చెక్కి ఉంటాయి. చింతపండుతో తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేసి ఫోటో తీస్తే చదవొచ్చు. ఆ నంబరే సర్వీస్ నంబరు గడిలో కొట్టండి. స్పెల్లింగు గొడవ ఉండదు.

సమాధి తెలియని వాళ్ళ పేర్లు రంగూన్ (ఇప్పటి యాంగోన్) దగ్గర తౌక్యాన్‌లోని రంగూన్ స్మారకం మీద, దళాల వారీగా ఉంటాయి. దళం తెలిస్తే అక్కడ సగం పని అయినట్టే.