మీ ప్రశ్న – మా జవాబు: రాజు పోతే ఆట పోయినట్టే

ప్రశ్న: అన్నా, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 యుద్ధం గేమ్‌లో ఫ్రెండ్స్‌తో రెజిసైడ్ (ఎవరి రాజు చస్తే వాళ్ళు ఓడిపోయే మోడ్) ఆడుతున్నా. ఆర్మీ నాదే పెద్దది, అయినా ప్రతిసారీ నా రాజు కోటలోనే చచ్చిపోతున్నాడు. ఎక్కడ తప్పు చేస్తున్నా?
– ఒక పాఠకుడు

జవాబు: తప్పు నీ లెటర్‌లోనే ఉంది తమ్ముడూ, "కోటలోనే" అన్నావు చూడు, అదే. రాజుకి ఉండేది 75 హెల్త్, కొట్టడం అస్సలు రాదు, కాబట్టి మొదట్లోనే ఇచ్చే ఆ కోటలోకి తోసేసి ఇక సేఫ్ అనుకుంటాం. కానీ అవతలివాడికి కూడా ఫస్ట్ అనుమానం వచ్చేది అక్కడే కదా.

నాకూ సేమ్ జరిగింది. నా నైట్స్, అంటే గుర్రపు సైనికులు, మొత్తం మ్యాప్ ఆ మూల వాడి ఊరు తగలబెడుతున్నారు, ఇక్కడ వాడు మూడు ట్రెబుచెట్లు (దూరం నుంచి పెద్ద రాళ్ళు విసిరే యంత్రాలు) తెచ్చి దూరంగా నిలబెట్టాడు, కోట బాణాలు వెళ్ళేది 8 గడులు, ట్రెబుచెట్ రాయి వచ్చేది 16 గడుల నుంచి, ఇంక కోట ఏం చేస్తుంది, అలా చూస్తుండగానే 4800 హెల్త్ కరిగిపోయింది. హెల్త్ బాగా పడిపోయేసరికి లోపలున్న రాజు బయటికొచ్చేశాడు, బయట వాడి గుర్రాలు నాలుగు రెడీగా నిలబడి ఉన్నాయి. రెండు సెకన్లు కూడా పట్టలేదు. నా ఆర్మీలో ఒక్కడు కూడా చావలేదు, గేమ్ మాత్రం పోయింది.

అందుకే చెప్తున్నా, ఈ మోడ్‌లో రాజుని కాపాడేది గోడ కాదు, వాడు ఎక్కడున్నాడో ఎదుటివాడికి తెలియకపోవడం. ఏ అడవి వెనకో మూలకి పంపెయ్, సముద్రం మ్యాప్ అయితే ట్రాన్స్‌పోర్ట్ షిప్ ఎక్కించెయ్. అయితే దీనికీ విరుగుడు ఉంది. కోటలో ట్రీజన్ అని ఒక రీసెర్చ్ ఉంటుంది, 400 బంగారం పెడితే శత్రువుల రాజులు ఎక్కడున్నారో కాసేపు చూపించేస్తుంది. కాసేపే, కాబట్టి రాజుని ఒకేచోట కూర్చోబెట్టకుండా అప్పుడప్పుడూ చోటు మారుస్తూ ఉండు. కోట వదలడం ఇష్టం లేకపోతే కనీసం చుట్టూ కొన్ని గుర్రాలు ఉంచు, ట్రెబుచెట్ విప్పి నిలబెట్టేలోపే వెళ్ళి పడగొట్టెయ్యాలి.

ప్రశ్న: సుప్రీం కమాండర్ గేమ్‌లో కమాండర్ (మనం మొదలుపెట్టే పెద్ద రోబో) చస్తే గేమ్ ఓవర్ కదా, మరి పెద్ద ప్లేయర్లు దాన్నే ముందుకి తీసుకెళ్తారేంటి?
– ఇంకో పాఠకుడు

జవాబు: రాజుకీ కమాండర్‌కీ తేడా అదేనండి. 2007లో వచ్చిన ఈ గేమ్‌లో అసాసినేషన్ రూల్ పెట్టుకుంటే కమాండర్ ప్రాణమే మీ ప్రాణం, కానీ మొదటి ఫ్యాక్టరీ కట్టేదీ అదే, మొదట్లో చిన్న ట్యాంకుల్ని ఊదేసేదీ అదే. ఇంట్లో దాచుకుంటే ఆ బలం వృథా. పైగా చస్తే అణుబాంబులా పేలుతుంది, పక్కన ఉన్నవన్నీ పోతాయి, అవతలి కమాండర్ దెబ్బలు తిని దగ్గర్లో ఉంటే అదీ పోయి డ్రా కూడా అవ్వొచ్చు. అవతల పెద్ద యూనిట్లు దిగేవరకు ముందు ఉంచండి, తర్వాత వెనక్కి లాగెయ్యండి. నీళ్ళున్న మ్యాప్ అయితే నీళ్ళ అడుగుకి దింపొచ్చు, కానీ టార్పెడోలు చూసుకోండి.

ప్రశ్న: మేం నలుగురం ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఆడేటప్పుడు చీటీలు వేసి ఒక్కొక్కరికి ఒక్కో టార్గెట్ రహస్యంగా ఇచ్చుకుంటాం, చంపినవాడికి చచ్చినవాడి టార్గెట్ వస్తుంది. నన్ను వేటాడేవాడెవడో తెలిసిపోతే వాణ్ణే ముందు చంపెయ్యొచ్చా?
– మరో పాఠకురాలు

జవాబు: చంపొచ్చమ్మా, కానీ ఒకసారి లెక్క చూడు. ఒకటోవాడు నిన్ను వేటాడుతున్నాడు, వాడి వెనక నాలుగోవాడు ఉన్నాడు అనుకో. ఒకటోవాణ్ణి నువ్వు లేపేస్తే నాలుగోవాడి టార్గెట్ పోయింది, మీ రూల్ ప్రకారం చచ్చినవాడి టార్గెట్, అంటే నువ్వే, ఎవరికి? చంపింది నువ్వు, నీకు ఆల్రెడీ ఒక టార్గెట్ ఉంది. అందుకే ముందే మాట్లాడుకోండి, తన టార్గెట్ కానివాణ్ణి ఎవరైనా చంపితే, ఆ చచ్చినవాడి టార్గెట్ వాడి వెనకున్న వేటగాడికే వెళ్ళాలి. అప్పుడు నీ మీదకి వచ్చేది ఇంతవరకూ ఎవ్వరూ తాకని ఆర్మీతో ఉన్న నాలుగోవాడు. నేనైతే ఒకటోవాణ్ణి చంపను, వాడి ట్రెబుచెట్లు మాత్రం విరగ్గొట్టి వదిలేస్తా, మిగతా పని నాలుగోవాడు చూసుకుంటాడు.