మడమ నొప్పికి ఇన్‌సోల్స్ పనిచేస్తాయా?

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో పొడిచినట్టు నొప్పి వస్తోందనీ, షూ లోపల పరిచే ఇన్‌సోల్స్ అనే అట్టలు వేసుకుంటే చదును పాదాలు సరి అవుతాయని దుకాణంలో చెప్పారనీ, అది నిజమేనా అనీ మీరు అడిగారు. నొప్పి తగ్గే అవకాశం బాగానే ఉంది, కానీ పెద్దవాళ్ల పాదం ఆకారాన్ని ఇన్‌సోల్ మార్చలేదు. కళాశాలలో గంటల తరబడి సిమెంటు నేల మీద నిలబడి పాఠం చెప్పే వృత్తి నాది. నావీ చదును పాదాలే, మీకు వచ్చిన నొప్పే నాకూ వచ్చింది.

మడమ ఎముక అడుగు నుంచి కాలివేళ్ల మొదళ్ల వరకు ప్లాంటార్ ఫేషియా అనే గట్టి పట్టీ ఒకటి ఉండి, అరికాలి వంపును నిలబెడుతుంది. నిలబడినప్పుడల్లా ఒంటి బరువుకు వంపు కొంత దిగి పట్టీ సాగుతుంది. ఇది మోతాదు మించితే, పట్టీ ఎముకకు అతుక్కున్న చోట నొప్పి మొదలవుతుంది. రాత్రి నిద్రలో బిగుసుకున్న పట్టీ పొద్దున ఒక్కసారిగా సాగడం వల్లనే మొదటి అడుగులు అంత బాధ పెడతాయి. ఇన్‌సోల్ వంపు కింద ఆసరాగా నిలిచి, మడమ మీద పడే బరువును అరికాలంతటికీ పంచుతుంది. ఎక్స్‌రేలో ఎముక పెరిగిందని చెబితే చాలామంది బెంబేలెత్తుతారు గానీ, అలాంటి పెరుగుదల ఏ నొప్పీ లేనివాళ్లలోనూ కనిపిస్తుంది.

ఫిజియోథెరపిస్టు నన్ను మునివేళ్ల మీద నిలబడమన్నారు. అప్పుడు వంపు కనిపిస్తే పాదం మెత్తగా వంగే రకమనీ, దానికి ఆసరా బాగా పనికొస్తుందనీ, అప్పటికీ చదునుగానే ఉంటే ఎముకల డాక్టరుకు చూపించాలనీ చెప్పారు. కొనేటప్పుడు దూదిలా మెత్తనిదాన్ని ఎంచుకోకండి. వేలితో నొక్కితే అణిగిపోయే స్పాంజి ఒంటి బరువును ఆపలేదు. వంపు దగ్గర కాస్త గట్టిగా, మడమ దగ్గర చిన్న గిన్నెలా లోతుగా ఉండాలి. షూతో వచ్చిన పాత అట్టను తీసేసి దీన్ని వేయాలి, లేకపోతే షూ బిగుతై వేళ్లు ఒరుసుకుంటాయి. మొదట రోజుకు గంటా రెండు గంటలు వాడి, మెల్లగా పెంచండి. పాదం కొలత తీసి చేయించేవి చాలా ఖరీదు. మామూలు మడమ నొప్పికి రెడీమేడ్‌వాటితోనూ దాదాపు అంతే ఉపశమనం ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి కాబట్టి ముందు వాటినే వాడి చూడటం మంచిది.

అయితే మన ఇళ్లలో అసలు చిక్కు వేరే ఉంది. ఇన్‌సోల్ కాలి కింద ఉన్నంతసేపే పనిచేస్తుంది. మనమేమో గుమ్మం దగ్గరే షూ విడిచి, మిగిలిన పూటంతా టైల్స్ మీదా, గ్రానైటు మీదా ఒట్టికాళ్లతో తిరుగుతాం. వంటింట్లో గంటల కొద్దీ నిలబడే ఆడవాళ్లకు మడమ శూల తగ్గకపోవడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం. నేను ఇంట్లో తిరగడానికే విడిగా, వంపు ఆసరా ఉన్న చెప్పులు పెట్టుకున్నాను. మా అమ్మగారు మొదట ఒప్పుకోలేదు, పూజగది వైపు తీసుకురానన్న షరతు మీద ఊరుకున్నారు. కాలేజీలో వేసుకునే ఇన్‌సోల్స్ కంటే నాకు ఈ చెప్పుల వల్లనే ఎక్కువ మేలు జరిగింది. దీనితోపాటు గోడకు చేతులు ఆనించి పిక్కలను సాగదీసే వ్యాయామం రోజూ చేయాలి, ఎందుకంటే పిక్కలు బిగుసుకుంటే ఆ లాగుడు కూడా అరికాలి మీదే పడుతుంది.

మీకు షుగరు ఉండి అరికాళ్లలో తిమ్మిరి గానీ, స్పర్శ తగ్గడం గానీ ఉంటే మాత్రం దుకాణంలో సొంతంగా కొనకండి. ఇన్‌సోల్ ఒరుసుకుని పుండు పడినా తెలియదు. అలాంటి పాదాలకు ఎం.సి.ఆర్. (మైక్రోసెల్యులార్ రబ్బర్) అనే మెత్తని రబ్బరుతో చేసిన చెప్పులు ఉంటాయి. డాక్టరు పాదం పరీక్షించి చెప్పిన తరవాతే వాటిని తీసుకోండి.