కారులోని ట్యూనర్ పోతే ఫిర్యాదు వల్ల ప్రయోజనం ఉంటుందా?

డ్యాష్‌బోర్డు అరలో పెట్టిన, ఇంజిన్ శక్తి పెంచేందుకు వాడే పర్ఫార్మెన్స్ ట్యూనర్‌ను ఎవరో ఎత్తుకెళ్లారనీ, పోలీసులు పట్టించుకుంటారా, తీసుకెళ్లినవాడు దాన్ని తన బండికి వాడుకోగలడా అనీ మీరు అడిగారు. నా డీజిల్ కారులోని ట్యూనర్ కావలి దగ్గర వాటర్ సర్వీసింగ్‌కు ఇచ్చిన రోజున పోయింది. ఆ సంగతి ఒంగోలు చేరాకే తెలిసింది.

రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. ఓబీడీ పోర్టుకు (మెకానిక్ పరీక్షా పరికరం తగిలించే సాకెట్) తగిలించి ఈసీయూలోని (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) ప్రోగ్రామును మార్చే ట్యూనర్లలో చాలావరకు, ఒకసారి ట్యూన్ (మార్చిన ప్రోగ్రాము) ఎక్కించాక ఆ ఒక్క బండికే ముడిపడిపోతాయి. కంపెనీ ప్రోగ్రామును తిరిగి ఎక్కించి విడిపించేదాకా మరో బండికి పనిచేయవు. అయితే చిక్కు మనకూ ఉంది. ఆ అసలు ప్రోగ్రాము కాపీ సాధారణంగా ట్యూనర్‌లోనే ఉంటుంది కనుక, కొత్తది కొన్నా పాత ట్యూన్ ఉన్న ఈసీయూను అది అంగీకరించకపోవచ్చు. నేను తయారీదారుకు సీరియల్ నంబరు, ఛాసిస్ నంబరు, బిల్లు పంపి, విడిపించమని ఎవరు అడిగినా ఒప్పుకోవద్దని రాతపూర్వకంగా కోరి, షోరూములో అసలు ప్రోగ్రామును మళ్లీ ఎక్కించుకున్నాను. సెన్సరుకూ ఈసీయూకూ మధ్య బిగించే ట్యూనింగ్ బాక్సులకు సాధారణంగా ఈ తాళం ఉండదు; అందుకే అవి సులువుగా చేతులు మారతాయి.

ఫిర్యాదు తప్పక ఇవ్వండి. నేను మొదట వెళ్లిన స్టేషన్‌లో, ఘటన నెల్లూరు జిల్లాలో జరిగింది గనుక అక్కడికే వెళ్లమన్నారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా సమాచారం నమోదు చేయాలని మర్యాదగా గుర్తు చేస్తే, జీరో ఎఫ్ఐఆర్ కట్టి బదిలీ చేశారు. నిరాకరిస్తే అదే సెక్షన్ కింద ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. విలువను బిల్లుతో సహా రాయండి, ఎందుకంటే సాధారణ దొంగతనంలో సొత్తు విలువ రూ.5,000 కంటే తక్కువైతే మేజిస్ట్రేటు అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తు చేయలేరు. ‘పాత ఎలక్ట్రానిక్ సామాను’ అని రాస్తే కేసు అక్కడే నీరుగారిపోతుంది. మ్యూజిక్ సిస్టమ్ అని రాయించమనే సలహాదారులూ దొరుకుతారు. వారి మాట వినకండి. వస్తువు దొరికినా, కాగితంలో ఉన్నదానితో పొంతన కుదరక మీ చేతికి రాదు.

బీమా మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకండి. అదనంగా బిగించిన ఎలక్ట్రానిక్ పరికరాలను పాలసీలో ముందే చూపించి ప్రీమియం కట్టి ఉండాలి. పైగా తయారీ వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నియంత్రిస్తుంది కనుక, బీమా కంపెనీ అభ్యంతరం చెప్పే వీలుంది.

నా ట్యూనర్ ఇంతవరకు దొరకలేదు. మీది ఎక్కడైనా అమ్మకానికి కనబడితే ఒంటరిగా బేరానికి వెళ్లకుండా, ఆ ప్రకటన స్క్రీన్‌షాట్‌ను దర్యాప్తు అధికారికి ఇవ్వండి. కొత్తది కొన్నాక, ఇంజిన్ వివరాలు చూపే మీటరులా వాడుకుంటే తప్ప, ట్యూన్ ఎక్కించిన తర్వాత దాన్ని కారులో ఉంచవలసిన పని లేదు. ఇంట్లో బీరువాలో పెట్టుకోండి.