దూదిపింజలో చుక్కలు

చిట్టితల్లికి, పెదనాన్న ఆశీస్సులు.

ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్ కొన్నా, ఎం15 అనే గుండ్రటి నక్షత్ర గుచ్ఛం చుక్కలుగా విడివడకుండా దూదిపింజలాగే ఉందని రాశావు. ఏ ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) పెట్టావో మాత్రం రాయలేదు. పెట్టెతో వచ్చిన 25 మి.మీ.దే అయ్యుంటుంది. నీ టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్ 1200 మి.మీ. దాన్ని 25తో భాగిస్తే 48, అంటే అది 48 రెట్లే పెద్దగా చూపిస్తుంది. గుచ్ఛాన్ని వెతకడానికి చాలు, నడిమి భాగాన్ని విప్పడానికి చాలదు. దొరికాక 10 మి.మీ.కి మారు. గాలి నిలకడగా ఉంటే 6 మి.మీ. పెట్టు. 200 రెట్లలో వెనకాల ఆకాశం నల్లబడి, అంచుల్లో చుక్కలు ఒక్కొక్కటే తేలతాయి. వాటికి ఓరచూపు వాడు, అంటే నేరుగా కాక కొంచెం పక్కకి చూడు.

డాబా మీద నుంచి చూడకు. ఒక సీజనంతా నేను అదే పని చేసి, చుక్కలు మరిగే నీళ్లలో మెతుకుల్లా ఎగురుతుంటే టెలిస్కోప్ అద్దాన్ని తిట్టుకున్నాను. పగలంతా ఎండకి కాలిన శ్లాబు రాత్రంతా వేడి వదులుతూనే ఉంటుందని తర్వాత తెలిసింది. పెరట్లో మట్టినేల మీద పెట్టు, అదీ గంట ముందే. అద్దం కూడా చల్లబడాలి కదా.

అక్టోబరులో రాత్రి ఎనిమిదికి ఎం15 మన అనంతపురంలో దాదాపు నడినెత్తిన ఉంటుంది. అక్కడ డాబ్సోనియన్‌ని తిప్పడం మహా చిరాకు. గంటో గంటన్నరో ఆగి, పడమటికి వాలాక చూడు.

ఎంత చూసినా దాని నడిబొడ్డు విడివడదు. టెన్షన్ పడకు, లోపం నీ టెలిస్కోప్‌ది కాదు. అక్కడ బరువైన నక్షత్రాలు లోపలికి దిగుతూ, తేలికవాటిని బయటికి నెడుతూ వచ్చాయి. చివరికి కేంద్రమే కుప్పకూలి చిక్కబడింది. పైగా అది 33 వేల కాంతి సంవత్సరాలకు పైగా దూరం. 1927లో ఖగోళ శాస్త్రవేత్తలు షాప్లీ, హెలెన్ సాయర్ ఇలాంటి గుచ్ఛాలను చిక్కదనాన్ని బట్టి 12 తరగతులు చేశారు. మొదటిది అన్నిటికన్నా చిక్కనిది. ఎం15ది నాలుగు. జ్యేష్ఠ నక్షత్రం పక్కనున్న ఎం4 గుచ్ఛం తొమ్మిదో తరగతి. అది సులువుగా విడిపోతుంది, ముందు దానితో చెయ్యి తిప్పుకోవాల్సింది నువ్వు.

మే నెలలో రాత్రి పదికి దక్షిణాన ఒమేగా సెంటారీ అనే ఇంకో గుచ్ఛం 28 డిగ్రీల ఎత్తుకొస్తుంది. దాని నడిమి వెడల్పు, నిండా బొంబాయి రవ్వ పోసినట్టుంటుంది. ఫోటోలతో పోల్చుకోకు. ఎక్కువసేపు ఎక్స్‌పోజర్ ఇస్తే కేంద్రం తెల్లగా మాడిపోతుంది. అక్కడ మన కన్నే నయం.

చూసింది పెన్సిల్‌తో గీసి పంపు. ఈసారి ఐపీస్ ఏదో వెనకాల రాయి.

మీ పెదనాన్న