నాన్నకి స్టెప్ కౌంటర్ కొనిస్తే నిజంగా నడుస్తారా? మా ఇంటి సంగతి చెప్తా

అడుగులు లెక్కపెట్టే చేతి బ్యాండ్ కొనిస్తే మీ నాన్నగారి నడక పెరుగుతుందా, లేక నెలకే డ్రాయర్‌లో పడేస్తారా అని అడిగారు కదా. మా ఇంట్లో రెండూ జరిగాయి.

నాది విజయవాడలో బ్యాంకు ఉద్యోగం. పొద్దున్నుంచి తిరుగుతూనే ఉంటాననుకునేవాణ్ణి, బ్యాండ్ పెట్టుకున్న మొదటిరోజు రాత్రి చూస్తే 2,340 అడుగులే. ఇది పాడైందేమోనని హాల్లో లెక్కపెట్టుకుంటూ వంద అడుగులు వేశా, 97 చూపించింది. సో పాడైంది నేనే.

పంతం వచ్చి మర్నాటి నుంచే రోజుకి పదివేల అడుగులు టార్గెట్ పెట్టేశా. రాత్రి పదిన్నరకి డాబా మీద వాటర్ ట్యాంకు చుట్టూ ప్రదక్షిణలు, కింద పోర్షన్ వాళ్ళు దొంగలేమో అనుకున్నారట. పదిరోజులకి మడమ నొప్పి, బ్యాండ్ డ్రాయర్‌లోకి. తర్వాత తెలిసిందేంటంటే ఈ పదివేలు డాక్టర్లు తేల్చిన లెక్కేం కాదు, 1965లో జపాన్‌లో ఒక కంపెనీ నడుముకి తగిలించుకునే మీటర్‌ని మాన్పోకే అనే పేరుతో అమ్మింది, అంటే పదివేల అడుగుల మీటర్ అని, ఆ పేరే లోకానికి రూలైపోయింది. 2019లో అమెరికాలో పెద్దవయసు ఆడవాళ్ళ మీద చేసిన స్టడీలో అయితే 2,700 నడిచేవాళ్ళ కంటే 4,400 నడిచేవాళ్ళలోనే మరణాలు బాగా తక్కువ, 7,500 దాటాక పెద్ద తేడా కనిపించలేదు.

రెండోసారి వారంపాటు ఊరికే చూసి, వచ్చిన సగటుకి వెయ్యి కలిపా, రెండు వారాలాగి ఇంకో వెయ్యి. పాలపాకెట్‌కి బండి తీయడం మానేశా, వీధి చివరికి రానూపోనూ 620. ఇప్పుడు ఆరున్నర వేలు ఈజీగా దాటుతోంది. టార్గెట్ మాత్రం ఉండాలి, ఊరికే పెట్టుకుంటే అది గడియారమే.

నాన్నకి ముందు ఫోన్‌లో యాప్ వేసిచ్చా. జేబులో పెట్టుకుని గుంతల రోడ్డు మీద స్కూటర్‌పై వెళ్ళొచ్చి "చూడరా, మూడువేలు" అన్నారు, ఆ కుదుపులన్నీ అడుగులే మరి. అమ్మ ఫోనేమో ఎప్పుడూ ఫ్రిజ్ మీదే. అందుకే ఇద్దరికీ బ్యాండ్లు కొన్నా (చపాతీ పిండి కలిపినా కాస్త ఎక్కుతుంది, పోన్లే). మోకాళ్ళ నొప్పులుంటే మాత్రం డాక్టర్ని అడిగాకే పెంచండి.

అసలు పనిచేసింది వాళ్ళిద్దరి పోటీ. భోజనాల దగ్గర అమ్మ "ఇవాళ ఎంతండీ?" అంటుంది, ఓ రెండొందలు తక్కువైతే చాలు, గేటు వేశామో లేదో చూసొస్తానని లేస్తారు నాన్న. గేటు ఏడింటికే వేసుంటుంది.