ఎటూ తేల్చుకోలేని చోటే ఆట మొదలు

సిమ్యులేషన్ గేముల (నిజమైన పనులను అనుకరించే కంప్యూటర్ ఆటల) తయారీ మీద పాఠకుల ప్రశ్నలు. జవాబులు: పంపింగ్ స్టేషన్ ఉద్యోగం నుంచి గేమ్ డిజైన్‌లోకి వచ్చిన మా కాలమిస్టు.

ప్రశ్న: కొంచెం ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాను. సొంతంగా ఒక సిమ్యులేషన్ గేమ్ చేయాలని ఉంది. నాకు ఇష్టమైనవి మూడు. మొక్కలు పెంచడం, రైలు టైంటేబుళ్ళు చదవడం, లోలకం ఉన్న పాత గోడ గడియారాలు బాగు చేయడం. గడియారాల పని తాతయ్య నేర్పారు, ఒక్కోటి ఒక్కో రకంగా మొండికేస్తుంది. కానీ ఐడియా కోసం కూర్చుంటే ఏది అనుకున్నా ఎవరో ఒకరు చేసేసినట్టే ఉంది. కొత్త ఐడియా ఎక్కడి నుంచి వస్తుంది?
– ఒక పాఠకురాలు

జవాబు: మూడు ఇష్టాలు రాశారు గానీ, ఉత్తరం చదువుతుంటే మీ మనసు ఎక్కడుందో తెలిసిపోతోంది. మొక్కలకి ఒక ముక్క, రైళ్ళకి ఒక ముక్క. గడియారాల దగ్గరికి వచ్చేసరికి లోలకం, తాతగారు, మొండితనం అన్నీ వచ్చాయి. ఆ మొండితనం దగ్గరే మొదలుపెడదాం.

ఐడియా కోసం కూర్చున్నప్పుడు చాలామంది చేసేది ఒకటే. ఇష్టాల పేర్లు వరసగా రాసి, ఒక్కోదాని చివర ‘సిమ్యులేటర్’ అని తగిలించి చూస్తారు. అలా వెతికితే ఖాళీ ఎక్కడా కనిపించదు. లారీ తోలడం మీద యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 2012లోనే వచ్చేసింది. ప్రెషర్ పంపుతో గోడల మురికి కడగడం కూడా గేమ్ అయిపోయింది. అందుకే నేను పేర్ల జోలికి వెళ్ళను. ఆ పనిలో చెయ్యి ఎక్కడ ఆగిపోతుంది, ‘ఇలా చేస్తే అది పోతుంది, అలా చేస్తే ఇది పోతుంది’ అని ఎక్కడ తటపటాయిస్తారు అని అడుగుతాను. ఆ తటపటాయింపు పని చేసినవాళ్ళకే తెలుస్తుంది. మీ ఐడియా అక్కడ ఉంటుంది.

నా సంగతే చెబుతాను. నీటి పంపింగ్ స్టేషన్ పని బయటి నుంచి చూస్తే స్విచ్ వేయడం, ఆపడం, అంతే. లోపల వేరే కథ. తెల్లవారగానే అందరూ ఒక్కసారే కుళాయిలు తిప్పుతారు, ఆలోపే ట్యాంకు నిండాలి. అలాగని నిండగానే మోటారు ఆపి, కాస్త తగ్గగానే మళ్ళీ వేస్తూ పోతే కుదరదు. పెద్ద మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలుకంటే కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది, వైండింగ్ (లోపలి తీగచుట్ట) వేడెక్కుతుంది, చల్లారడానికి టైమ్ ఇవ్వాలి. వాల్వు గబుక్కున మూస్తే పరుగులో ఉన్న నీరు ఒక్కసారిగా ఆగి పైపు మొత్తం అదిరిపోతుంది. ట్యాంకు మట్టం, మోటారు వేడి, వాల్వు తిప్పే వేగం. ఈ మూడింటి మధ్య పెనుగులాటే నేను చేసిన మొదటి గేమ్. స్క్రీన్ మీద బొమ్మలు చాలా తక్కువ. అయినా ఆడినవాళ్ళు, ఎవరూ చెప్పకుండానే, వాల్వు చక్రాన్ని మెల్లగా తిప్పడం నేర్చుకున్నారు. అది చూసినప్పుడు కలిగిన సంతోషం వల్లే ఇప్పటికీ ఈ పనిలో ఉన్నాను.

ఇప్పుడు మీ గడియారం. ఉక్కు కడ్డీకి వేలాడే లోలకం తీసుకోండి. 1 డిగ్రీ సెల్సియస్ వేడి పెరిగితే కడ్డీ సాగి, గడియారం రోజుకు దాదాపు అర సెకను వెనకబడుతుంది. గుండు కిందున్న నట్ తిప్పి గుండును పైకి జరిపితే వేగం పెరుగుతుంది, కిందికి దించితే తగ్గుతుంది. మీరు తిప్పేది అర చుట్టే, కానీ ఫలితం తెలిసేది మర్నాడు. ఈలోపు ఆగలేక నూనె కూడా వేశారనుకోండి. మర్నాడు గడియారం చక్కగా నడిచినా, నట్ వల్లా నూనె వల్లా అన్నది తెలియదు. పైగా ఆ నూనె ఎక్కువైతే దుమ్ము పట్టి కొన్నాళ్ళకు మళ్ళీ మొండికేస్తుంది. ఇక శబ్దం. గడియారం కాస్త ఒరిగి వేలాడితే టిక్కుకీ టాక్కుకీ మధ్య ఎడం సమానంగా ఉండదు, కుంటుతూ వినిపిస్తుంది. కళ్ళు మూసుకుని ఆ కుంటు వింటూ, పెట్టెను వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి సరిచేయడం మీకు అలవాటే అయి ఉంటుంది. అది గేమ్‌లో తప్పకుండా ఉండాలి. ఆటగాడు చెవితో పని చేసే గేములు చాలా తక్కువ.

నేనైతే ఇలా మొదలుపెడతాను. బల్ల మీద మూడు గడియారాలు. ఒక్కో టర్న్ ఒక్కో రోజు. రోజుకి ఒక్క మార్పే చేస్తే దేనివల్ల ఏం జరిగిందో కచ్చితంగా తెలుస్తుంది, కానీ గడియారం తిరిగి ఇవ్వాల్సిన గడువు ముంచుకొస్తుంది. ఒకేసారి రెండు మూడు మార్పులు చేస్తే పని తొందరగా తేలొచ్చు, తేలకపోతే మాత్రం చీకట్లో తడుముకోవాలి. తొందరకీ తెలుసుకోవడానికీ మధ్య ఈ లాగులాట ఉంటే చాలు. మిగతా హంగులు తర్వాత వస్తాయి.

మిగిలిన రెండూ కూడా వట్టివి కావు. నీళ్ళు చాలకపోయినా ఆకు వాడుతుంది, నీళ్ళు ఎక్కువై వేరు కుళ్ళినా ఆకు వాడుతుంది. లక్షణం ఒకటే, మందులు మాత్రం పూర్తిగా వ్యతిరేకం. దాన్ని గడియారాల గేమ్‌లోకి అరువు తెచ్చుకోవచ్చు: వెనకబడే గడియారానికి వేడి కారణమా, గుండు కిందికి జారడం కారణమా? రైళ్ళలో అయితే, లేటుగా వస్తున్న బండి ప్రయాణికుల కోసం కనెక్షన్ బండిని ఆపాలా వద్దా అన్నదొక్కటే ఒక పూర్తి గేమ్‌కి సరిపోతుంది. దాన్ని దాచుకోండి, ఇప్పుడు ముట్టుకోవద్దు.

ఇంకొక్క మాట. గేమ్ డిజైనర్ విల్ రైట్ 1984లో హెలికాప్టర్‌తో బాంబులు వేసే గేమ్ ఒకటి చేశారు. దాని కోసం దీవుల మ్యాపులు గీసే టూల్ తయారు చేసుకుంటే, వాటిని ధ్వంసం చేయడం కన్నా కట్టడమే ఆయనకి ఎక్కువ నచ్చింది. ఆ ఇష్టం పెరిగి 1989లో ఊళ్ళు కట్టే గేమ్ సిమ్‌సిటీ అయింది. మీరు కూడా పని చేస్తున్నప్పుడు అవసరం తీరిపోయాక కూడా చెయ్యి దేని దగ్గర ఉండిపోతోందో గమనించండి. కోడ్ రాయడానికి ముందు కాగితం ముక్కలతో ఒకసారి ఆడి చూడండి. గణితవేత్త జాన్ కాన్వే, గడుల్లో జీవాలు పుడుతూ పోతూ ఉండే 1970 నాటి తన ‘గేమ్ ఆఫ్ లైఫ్’ నియమాలను చాలావరకు బోర్డు మీద బిళ్ళలు పెట్టి, చేత్తోనే తేల్చుకున్నారు.

ప్రశ్న: మా అబ్బాయికి పదకొండేళ్ళు. చీమలంటే పిచ్చి, కూర్చుంటే గంటలు గంటలు చూస్తూనే ఉంటాడు. ‘చీమల గేమ్’ అని నోటుబుక్కులు నింపేస్తున్నాడు. వందల రకాల చీమలు, యుద్ధాలు, ఆయుధాలు. చదువు వెనకబడుతుందేమోనని నాకు టెన్షన్. ఆపమనాలా, కానివ్వమనాలా?
– ఒక తండ్రి

జవాబు: కానివ్వండి. గంటల తరబడి చీమలను చూడగలిగే ఓపిక ఉన్న పిల్లవాడికి నేర్పాల్సింది ఏమైనా ఉంటే, అది ఆ చూసినదాన్ని కాగితం మీదికి తేవడం. ఆయుధాలు వాడు వేరే గేముల్లో చూసినవి. చీమలు వాడు సొంతంగా చూసినవి. ఆ రెండోదాని వైపు నెమ్మదిగా తిప్పండి, కోప్పడకుండా.

గళ్ళ కాగితం, పెన్సిల్, రబ్బరు ఇవ్వండి. ఒక మూల పుట్ట, ఇంకో మూల మేత. చీమకి మూడే నియమాలు. మేత దొరికేదాకా తోచిన గడికి కదలడం. దొరికితే పుట్టకి తిరిగొస్తూ దాటిన ప్రతి గడిలో 5 అని వేయడం, అదే వాసన. వేరే చీమ పక్క గడుల్లో అంకె చూస్తే, వచ్చిన గడికి వెనక్కి పోకుండా, పెద్ద అంకె వైపే వెళ్ళడం. ప్రతి టర్న్ చివర అన్ని అంకెల్లోంచీ 1 తీసేయాలి, ఎందుకంటే వాసన ఆరిపోతుంది.

కాసేపు ఆడాక వాడిని ఒక్క ప్రశ్న అడగండి: వాసన అసలు ఆరకపోతే ఏమవుతుంది? జవాబు మీరు చెప్పొద్దు. మేత అయిపోయిన చోటికే చీమలు పదే పదే వెళ్తుంటే వాడికే తెలుస్తుంది. మరీ తొందరగా ఆరిపోతే దారే ఏర్పడదు. ఆ రెండింటి మధ్య సరైన అంకె కోసం వాడు కాగితాల మీద కాగితాలు ఖర్చు చేస్తాడు. అడ్డు చెప్పకండి, వాడు చేస్తున్నది లెక్కలే.

వాడికి చెప్పడానికి ఇది కూడా. అర్జెంటీనా చీమలకు పుట్ట నుంచి మేతకి ఒక పొట్టి దారి, ఒక పొడుగు దారి ఇచ్చి శాస్త్రజ్ఞులు చూశారు. పొట్టి దారిన వెళ్ళినవి ముందు తిరిగొస్తాయి, అక్కడ వాసన ముందు చిక్కబడుతుంది, దాంతో కాసేపటికి చాలా చీమలు ఆ దారే పట్టాయి. ఆ ప్రయోగం 1989లో ప్రచురితమైంది. ఏ చీమా రెండు దారులూ కొలిచి పోల్చలేదు. ఈ పద్ధతిని తీసుకునే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు మార్కో డోరిగో 1992లో కంప్యూటర్‌తో దగ్గరి దారులు వెతికే విధానం తయారు చేశారు. చీమల మీద సిమ్‌యాంట్ అనే గేమ్ 1991లోనే వచ్చిందని వాడికి ఇప్పుడే చెప్పకండి. ముందు వాడి చీమలు నడవనివ్వండి.

ప్రశ్న: గేములు తయారు చేసే సాఫ్ట్‌వేర్లలో యూనిటీ నేర్చుకోవాలా, గోడో నేర్చుకోవాలా?
– ఇంజినీరింగ్ విద్యార్థి

జవాబు: ఏదైనా పర్వాలేదు. గోడో ఓపెన్ సోర్స్, ఉచితం, కాబట్టి నేను అటే మొగ్గుతాను. కానీ సిమ్యులేషన్ ఐడియా పట్టుకుని ఉన్నవాళ్ళు ముందు స్ప్రెడ్‌షీట్ తెరవాలి. ఒక్కో వరస ఒక్కో రోజు, ఒక్కో నిలువు గడి ఒక్కో అంకె. నలభై వరసలు కిందికి లాగి చూస్తే మీ లోకం నిలబడుతుందో, మూడో రోజుకే ఖాళీ అవుతుందో తెలిసిపోతుంది.

ప్రశ్న: నేను నర్సుని. రాత్రి డ్యూటీలో మా వార్డు ఎలా నడుస్తుందో బయటివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. గేమ్‌గా చేస్తే అర్థమవుతుందేమో అనిపిస్తోంది. మా తమ్ముడికి ప్రోగ్రామింగ్ వచ్చు, సాయం చేస్తానంటున్నాడు. కానీ జబ్బుతో ఉన్న మనుషులను ఆటవస్తువులు చేసినట్టు అవుతుందేమోనని భయం.
– ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా చేయండమ్మా. మీకున్న ఆ భయమే ఈ గేమ్‌ని నిజాయితీగా ఉంచుతుంది. సిమ్యులేషన్ పుట్టింది కూడా కాలక్షేపానికి కాదు. ఎడ్విన్ లింక్ 1929లో తయారు చేసిన యంత్రంలో కూర్చుని ఎంతోమంది నేల మీదే విమానం నడపడం నేర్చుకున్నారు. 2013లో వచ్చిన ‘పేపర్స్, ప్లీజ్’లో ఆటగాడు సరిహద్దులో కాగితాలు తనిఖీ చేసే ఉద్యోగి. ఎదురుగా నిలబడిన మనిషిని పంపాలా వద్దా అన్నది ఒక స్టాంపు దెబ్బ, ఇంట్లో వాళ్ళని పోషించాలి కాబట్టి ఆ దెబ్బ తొందరగా వేయాలి. ఆ గేమ్‌లో ఎవరూ ఆటవస్తువు అనిపించరు.

మీ వార్డులో ఆట అంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఇప్పుడు ఏ పడక దగ్గరికి? ఇక్కడ మీ తమ్ముడికి ఒక లెక్క ఇస్తాను. ఒకే నర్సు, పిలుపులు ఎప్పుడు వస్తాయో తెలియదు, ఒక్కోదానికి సగటున 5 నిమిషాలు పడుతుంది, ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ. నర్సు సమయంలో 80 శాతం పనితో నిండి ఉంటే పిలిచినవాళ్ళు సగటున 20 నిమిషాలు ఎదురుచూస్తారు. 90 శాతం నిండితే 45 నిమిషాలు. 95 శాతమైతే 95 నిమిషాలు. క్యూల గణితంలో ఇది పాఠ్యపుస్తకం లెక్క. పని కొంచెమే పెరిగింది, ఎదురుచూపు మాత్రం కొన్ని రెట్లైంది. ‘ఇంకొక్క పేషెంటే కదా’ అనే మాట ఎందుకు తప్పో బయటివాళ్ళకి మీరు నోటితో ఎంత చెప్పినా ఎక్కదు. అరగంట ఆడితే ఎక్కుతుంది. గేమ్‌లో రాత్రి గడుస్తున్నకొద్దీ ఆటగాడిని 80 నుంచి 95 దాకా మెల్లగా తీసుకెళ్ళండి, ఎక్కడా ప్రకటించకుండా.

స్కోరు పెట్టొద్దు. ప్రాణాలకి పాయింట్లు ఇచ్చిన క్షణాన మీరు భయపడ్డదే జరుగుతుంది. దానికి బదులు తెల్లవారాక హ్యాండోవర్ ఉంచండి. వచ్చిన నర్సుకి ఆటగాడు తనకి గుర్తున్నది చెప్పాలి: ఏ పడకకి ఏ మందు ఎన్నింటికి ఇచ్చాడు, ఎవరు నిద్రపోలేదు, ఎవరు నీళ్ళు అడిగితే ‘వస్తున్నా’ అని చెప్పి వెళ్ళలేకపోయాడు. చెప్పడం మరిచిపోయినవి తర్వాతి రాత్రి వేరే రూపంలో ఎదురొస్తాయి. ఇది నర్సు తప్ప ఇంకెవరూ రాయలేని భాగం, మీ శ్రమలో ఎక్కువ దీనికే పెట్టండి.

నిజమైన పేషెంట్ల వివరాలు, పేర్లు మార్చి కూడా, వాడకండి. మనుషులందరినీ కల్పించండి. మొదటి కాగితం వెర్షన్ తయారవగానే మీతో డ్యూటీ చేసే ఒకరిని కూర్చోబెట్టి ఆడించండి, మీరు పక్కన నోరు మెదపకుండా ఉండండి. ఎక్కడ ఆగి ‘ఇది ఇలా జరగదు’ అంటారో ఆ చోటు రాసుకోండి. ఆ కాగితం నాకు కూడా ఒక కాపీ పంపండి, తర్వాతి సంచికల్లో దాని మీద ఇంకా వివరంగా రాస్తాను.