పెళ్ళి బస్సు ఎక్కే ముందు

అమ్మాయీ,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. తమ్ముడి పెళ్ళికి నువ్వు అందరితో కలిసి బస్సులో రానన్నావట. ముహూర్తానికి గంట ముందు కారులో వచ్చి, తాళి కట్టగానే వెళ్ళిపోతానన్నావట. అది చెప్పి ఏడ్చింది. అత్తగారింట్లో ఏమైనా గొడవా అని నన్ను అడిగింది. గొడవేమీ లేదని నాకు అప్పుడే అర్థమైంది. సంక్రాంతికి వచ్చినప్పుడు నిన్ను చూశాను కదా. గుడికి బయలుదేరే ముందు మూడుసార్లు బాత్రూంకి వెళ్ళొచ్చావు. తుమ్ము రాగానే కాళ్ళు దగ్గరికి చేర్చుకుని నిలబడిపోయావు. రోజంతా గ్లాసుడు నీళ్ళు కూడా సరిగ్గా తాగలేదు. ఇవన్నీ ఒకప్పుడు నేను చేసిన పనులే. అందుకే గుర్తుపట్టాను.

మీ అమ్మకి నేనేమీ చెప్పలేదు. ఫోన్ చేస్తే పక్కన ఎవరో ఒకరు ఉంటారు, నువ్వు "ఏం లేదు పెద్దమ్మా" అనేసి పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. తలుపు వేసుకుని చదువుకో.

నాకు ఇది రెండో కాన్పు తర్వాత మొదలైంది. దగ్గినా, నవ్వినా, బిందె ఎత్తినా మూత్రం చుక్క పడేది. ఆడవాళ్ళకి ఇవి మామూలేలే అనుకున్నాను. మా స్కూల్లో టీచర్లకి సరైన బాత్రూం ఉండేది కాదు. పొద్దున 8 గంటలకి ఇల్లు వదిలితే మళ్ళీ సాయంత్రం 5 దాటాకే. అందుకని నీళ్ళు తాగడం మానేశాను. దానితో మంట, జ్వరం, ఇన్ఫెక్షన్లు వచ్చి పోతుండేవి. 48 ఏళ్ళకి నెలసరి ఆగింది. అప్పటి నుంచి ఇంకో బాధ. వెళ్ళాలి అనిపించిందంటే ఇక ఆగేది కాదు. ఇంటి తలుపు తాళం తీసేలోపే అయిపోయేది.

2006 కార్తీక మాసంలో మా స్కూలు వాళ్ళమంతా శ్రీశైలం బస్సు కట్టుకున్నాం. దోర్నాల దాటాక అంతా అడవి, ఘాట్ రోడ్డు. నాకు పొత్తికడుపు బిగుసుకొచ్చింది. ఆపమని డ్రైవరుకి చెప్పడానికి నోరు రాలేదు. బస్సులో హెడ్మాస్టరుగారు ఉన్నారు, తోటి మాస్టార్లు ఉన్నారు, నా దగ్గర చదువుకున్న పిల్లలున్నారు. అరగంట పళ్ళ బిగువున ఓర్చుకున్నాను. ఒక మలుపులో బస్సు కుదుపుకి ఇక నా వల్ల కాలేదు. గుడి దగ్గర అందరూ దిగేదాకా సీట్లోనే కూర్చున్నాను. బాటిల్లో నీళ్ళు ఒలికాయని చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఆ రోజు నుంచి ఏడేళ్ళు నేను ఊరు దాటలేదు.

ఆ ఏడేళ్ళలో ఏం పోగొట్టుకున్నానో నీకు చెప్పాలి. కాశీ ప్రయాణం పోతే పోయింది, ఆ బాధ లేదు. 2011లో మీ అమ్మకి హైదరాబాదులో గర్భసంచి ఆపరేషన్ అయింది. అక్కనై ఉండి నేను రాలేదు. ఆయాసంగా ఉందని అబద్ధం చెప్పాను. నా చెల్లెలు ఆస్పత్రి మంచం మీద పది రోజులుంటే, నేను ఇంట్లో మా బాత్రూం తలుపుకి పది అడుగుల దూరంలో కూర్చున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం దిగదు. నువ్వు పెళ్ళి బస్సులో రానంటున్నావని వినగానే నాకు గుర్తొచ్చింది అదే.

చివరికి 2013లో గుంటూరులో ఒక లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మూత్రం టెస్టు, షుగర్ టెస్టు చేయించింది. మూత్రం పోసుకున్నాక లోపల ఎంత మిగులుతోందో స్కానింగులో చూసింది. తర్వాత కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. దగ్గినప్పుడు కారడం ఒక రకం. కాన్పుల వల్ల కింద ఉండే కండరాలు వదులై అలా జరుగుతుంది. ఉన్నట్టుండి తరుముకొచ్చి ఆగకపోవడం ఇంకో రకం. మూత్రసంచి నిండకుండానే ముడుచుకుంటుంది కాబట్టి అలా అవుతుంది. చాలామందికి రెండూ కలిసే ఉంటాయట. నీకూ అంతేనని నాకు అనిపిస్తోంది, కానీ అది డాక్టరు తేల్చాలి. పెళ్ళికి ఇంకా నాలుగు వారాలుంది, ఈ వారమే గైనకాలజిస్టుకి చూపించుకో. మూత్రంలో రక్తం కనబడినా, మంటతో జ్వరం వచ్చినా, అసలు మూత్రం రాకపోయినా, కాళ్ళు తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా ఒక్క రోజు కూడా ఆగకూడదు.

వెళ్ళేటప్పుడు మూడు రోజుల లెక్క రాసుకుని తీసుకెళ్ళు. ఎన్నింటికి ఏం తాగావు, ఎన్నింటికి వెళ్ళావు, ఎప్పుడు కారింది, అంతే. నా లెక్క నేను చూసుకుంటే నాకే ఆశ్చర్యం వేసింది. రోజుకి పదహారుసార్లు వెళుతున్నాను. మామూలుగా ఆరు నుంచి ఎనిమిదిసార్లు చాలట. ఎందుకైనా మంచిదని ముందే వెళ్ళొస్తూ ఉంటే, కొంచెం నిండగానే గంట కొట్టడం మూత్రసంచికి అలవాటైపోతుంది. పెద్దవాళ్ళ మూత్రసంచిలో 400 మిల్లీలీటర్ల దాకా పడుతుంది. నేను దానికి గ్లాసుడు కూడా పట్టనివ్వలేదు. ఇప్పుడు గంటకోసారి వెళుతున్నావనుకో, గంటంబావు చెయ్యి. వారం తర్వాత గంటన్నర. బయలుదేరే ముందు ఒక్కసారి వెళ్ళు, మూడుసార్లు వద్దు.

ఇక వ్యాయామం. గ్యాసు బయటికి పోకుండా నలుగురిలో ఎలా బిగబడతావో, ఆ కండరాన్ని లోపలికి, పైకి లాగినట్టు బిగించు. పొట్ట, తొడలు, పిరుదులు బిగించకూడదు. ఊపిరి ఆపకూడదు. మొదట మూడు, నాలుగు సెకన్లు బిగించు, అంతసేపు వదిలెయ్యి. అలా పదిసార్లు, రోజుకి మూడు పూటలు. మెల్లగా పది సెకన్ల దాకా పెంచు. నేను కుక్కరు విజిల్ కోసం ఎదురుచూస్తూ ఒక పూట, దీపం పెట్టాక ఒక పూట, పడుకునే ముందు ఒక పూట చేసేదాన్ని. మూత్రం పోసుకుంటూ మధ్యలో ఆపడమే వ్యాయామం అని కొందరు చెబుతారు, అలా చెయ్యకు. లోపల మూత్రం మిగిలిపోతుంది. దీని గుణం పూర్తిగా కనపడడానికి మూడు నెలలు పడుతుంది. నాలుగు వారాల్లో అంతా తగ్గిపోతుందని నేను నీకు ఆశ పెట్టను. కానీ దగ్గు వచ్చేముందు, తుమ్ముకి ముందు, బ్యాగు ఎత్తేముందు ఆ కండరాన్ని ఒక్కసారి బిగించి పట్టుకోవడం మాత్రం మొదటి వారంలోనే వచ్చేస్తుంది.

అన్నిటికంటే నన్ను నిలబెట్టింది ఒకటుంది, జాగ్రత్తగా విను. తరుముకొచ్చినప్పుడు పరుగెత్తకు. మనం పరుగెత్తినకొద్దీ కడుపు మీద ఒత్తిడి పెరుగుతుంది, కంగారు పెరుగుతుంది, బాత్రూం గుమ్మం కనబడగానే అయిపోతుంది. ఉన్నచోటే ఆగు. కుర్చీ ఉంటే కూర్చో. ఆ కండరాన్ని గబగబా ఐదారుసార్లు బిగించి వదులు. బిగించినప్పుడల్లా మూత్రసంచి ముడుచుకోవడం తగ్గుతుంది. అప్పుడు మనసు వేరే దాని మీద పెట్టు. నేను పదిహేడో ఎక్కం వెనక నుంచి చెప్పుకునేదాన్ని. ఆ తొందర సముద్రపు అలలాగా వచ్చి, పైకి లేచి, తగ్గుతుంది. తగ్గిన తర్వాత లేచి మామూలుగా నడిచి వెళ్ళు. ఇంట్లో పది రోజులు సాధన చెయ్యి. ముఖ్యంగా బయటి నుంచి వచ్చి తాళం తీసేటప్పుడు, కుళాయి చప్పుడు విన్నప్పుడు. బస్సులో అదే నిన్ను కాపాడుతుంది.

నీళ్ళు మానడం మాత్రం ఇవాళే ఆపెయ్యి. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రసంచిని ఇంకా రేపుతుంది, మలబద్ధకం వస్తుంది, నిండిన పేగు మూత్రసంచి మీద ఒత్తుతుంది. రోజంతా కొంచెం కొంచెంగా తాగు. ప్రయాణం రోజు బయలుదేరడానికి రెండు గంటల ముందు నుంచి గుక్కలు తగ్గించు, చాలు. కాఫీ, టీ, కూల్‌డ్రింకులు మాత్రం ఆ పూటకి వద్దు. పెళ్ళింట్లో కాఫీ వద్దంటే ఎవరూ ఊరుకోరు, తెలుసు. గ్లాసు తీసుకుని అల్లుడి చేతిలో పెట్టెయ్యి. మీ అత్తగారు బీపీకి మూత్రం ఎక్కువయ్యే బిళ్ళ వేసుకుంటారని నువ్వే చెప్పావు. ఆవిడా ప్రయాణానికి భయపడుతుంటే, ఆ బిళ్ళ ఏ వేళకి వేసుకోవాలో డాక్టరుని అడిగి మార్పించు, సొంతంగా మానిపించకు.

ప్యాడ్ పెట్టుకోవడానికి నామోషీ పడకు. నెలసరి ప్యాడ్లు దీనికి సరిపోవు. మూత్రం ఒక్కసారిగా వస్తుంది, అవి అంత తొందరగా పీల్చుకోలేవు, వాసన కూడా ఆపలేవు. మందుల షాపులో మూత్రానికని విడిగా ప్యాడ్లు ఉంటాయి, లోదుస్తుల్లాగా తొడుక్కునేవీ ఉంటాయి. ఇంట్లో ఒకరోజు పెట్టుకుని, లేచి, కూర్చుని, పెళ్ళి చీర కట్టి చూసుకో. తడిసినా తడవకపోయినా నాలుగు గంటలకోసారి మార్చు, లేకపోతే ఒరుపు వస్తుంది. ప్రయాణానికి చుడీదార్ అయితే నాడా వద్దు, ఎలాస్టిక్ కుట్టించుకో. అర్జెంటులో ముడి బిగుసుకుంటే ఎంత నరకమో నాకు తెలుసు. ముదురు రంగు, పువ్వుల డిజైన్ బట్ట మంచిది.

ఒక చిన్న బ్యాగు పెట్టుకో. అందులో రెండు ప్యాడ్లు, ఒక లోదుస్తు, ఒక లెగ్గింగు, తడి బట్టలకి జిప్ కవరు, టిష్యూలు, సబ్బు కాగితాలు. ఖాళీ చిన్న బాటిల్ ఒకటి తప్పనిసరి, చాలా చోట్ల మగ్గు ఉండదు. ఐదు, పది రూపాయల చిల్లర కూడా ఉంచుకో, బస్టాండు బాత్రూముల దగ్గర చిల్లర కోసం నిలబడే ఓపిక ఆ సమయంలో ఉండదు. వెస్ట్రన్ బాత్రూం శుభ్రంగా లేదని గాల్లో సగం లేచి పోసుకుంటారు చూడు, అలా చేస్తే కండరం వదులవదు, సగం మూత్రం లోపలే ఉండిపోయి పది నిమిషాల్లో మళ్ళీ తరుముతుంది. సీటు తుడిచి, కాగితం పరిచి, పూర్తిగా కూర్చో. అయ్యాక ముందుకి వంగి అరనిమిషం ఆగి, మళ్ళీ ప్రయత్నించు.

హైదరాబాదు నుంచి తెనాలి రైల్లోనే రా. బస్సుకంటే రైలే నయం, లేచి వెళ్ళడానికి ఎవరినీ అడగనక్కరలేదు. పెట్టెకి చివర ఉండే బెర్తు దొరికేలా చూసుకో. తెనాలి నుంచి రాజమండ్రికి పెళ్ళి బస్సు దాదాపు నాలుగు గంటలు. నీ భయమంతా ఆ నాలుగు గంటలే అని నాకు తెలుసు.

ఈలోగా నువ్వు చెయ్యాల్సిన పెద్ద పని ఒకటుంది. అల్లుడికి చెప్పు. ఇన్నాళ్ళూ చెప్పలేదని నాకు అనుమానం. మీ పెదనాన్నకి నేను చెప్పింది శ్రీశైలం తర్వాత ఏడేళ్ళకి. ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఇందుకా కాశీ వద్దన్నావు" అని మాత్రం అన్నారు. ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళినా బస్సు దిగగానే ముందు ఆయనే వెళ్ళి బాత్రూం ఎక్కడుందో కనుక్కుని వచ్చేవారు. ఒక్క మనిషికి తెలిస్తే చాలు, సగం టెన్షన్ అక్కడే తగ్గిపోతుంది. కారుతుందేమో అనే భయం, ఎవరికైనా తెలుస్తుందేమో అనే భయం, రెండూ కలిసి మనల్ని తినేస్తాయి. రెండోది నీ చేతిలో ఉంది. ఒకవేళ తడిసినా, అల్లుడు శాలువా తెచ్చి నడుము చుట్టూ కప్పి, నిన్ను పక్కకి తీసుకెళ్తాడు. ఐదు నిమిషాల్లో బట్ట మార్చుకుని వస్తావు. ఆ రోజు బస్సులో నాకు అలాంటి మనిషి ఒక్కరుంటే బాగుండేది.

ఇంటికి వచ్చాక గుమ్మంలో కొత్త జంటని ఆపి, పేర్లు చెబితేనే లోపలికి రానిస్తానని తలుపు పట్టుకోవాల్సిన ఆడపడుచువి నువ్వు. ఆ గుమ్మంలో ఇంకెవరినో నిలబెట్టడం నాకు ఇష్టం లేదు.

బస్సు సంగతి నేను ఇవాళ పొద్దునే మీ నాన్నతో మాట్లాడాను. నీ పేరు ఎత్తలేదు. నాకు 68 ఏళ్ళు, మధ్యలో బాత్రూంకి ఆపకపోతే నేను ఎక్కనని చెప్పాను. హనుమాన్ జంక్షన్ దగ్గర ఒకసారి, సగం దారి దాటాక పెద్ద పెట్రోల్ బంకు చూసి ఇంకోసారి ఆపుతామని డ్రైవరుతో ఒప్పందం చేయిస్తానన్నాడు. ఈ మధ్యలో నాకు ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపాలని కూడా గట్టిగా చెప్పాను. నీకు తరుముకొస్తే నా చెయ్యి నొక్కు, లేచి ఆపమని నేను చెబుతాను. విడిదిలో బాత్రూం ఉన్న గది మనిద్దరికి అడిగి ఉంచాను. ముందు తలుపు పక్క రెండు సీట్లు మనవి. కిటికీ వైపు నేను కూర్చుంటాను, నువ్వు దారి వైపు కూర్చో. డాక్టరుకి చూపించుకున్నాక ఏమన్నదో రాత్రి పది లోపల ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటాను.

నీ పెద్దమ్మ